ఆరు వారాల కాపురం

మార్చి 3, 1947. లాస్ వేగస్

బస్సు దిగేసరికి నోటినిండా ఇసుక. హోటల్ పేరు రెడ్ మెసా. కొత్తది, ఇంకా పెయింట్ వాసన పోలేదు. గోడలకి ఎద్దుల కొమ్ములు తగిలించారు.

లాయర్ మళ్లీ చెప్పాడు. ఈ రాష్ట్రంలో ఆరు వారాలు కాపురముంటే చాలు, విడాకులిస్తారట. ఒక్క రాత్రి పొలిమేర దాటి గడిపినా మళ్లీ మొదటికొస్తుందట. నేను రోజూ ఇక్కడే ఉన్నానని ఊరివాళ్లెవరైనా కోర్టులో సాక్ష్యం చెప్పాలి. హోటల్ మేనేజర్ టాలివర్ తనే చెప్తానన్నాడు. మీలాంటి ఆడవాళ్ల దయవల్లే మా గదులు నిండుతున్నాయని నవ్వాడు.

నా మొగుడు లైల్‌కి నేనెక్కడున్నానో తెలీదు. కుడి మణికట్టు ఇంకా సరిగ్గా వంగదు. క్రిస్మస్ నాడు తలుపు సందులో పెట్టి విరిచాడు. అందుకే ఈ కోడిగీతలు.

మార్చి 11

నా గది ఊడ్చి పక్క వేసే మనిషి పేరు ఆర్డెల్. నల్లామె. ఉండేది వెస్ట్‌సైడ్‌లో, ఈ ఊళ్లో నల్లవాళ్లని ఉండనిచ్చే పేట అదొక్కటే. పైన అన్ని గదుల్లోకీ వెళ్తుంది, కింద కూర్చుని ఒక కప్పు కాఫీ తాగడానికి మాత్రం వీల్లేదు. నా చెయ్యి చూసింది. గుర్రం మీంచి పడ్డానని చెప్పాను.

"ఆ గుర్రానికి మీసాలున్నాయా మేడమ్?" అంది. తనకీ ఒకప్పుడు అలాంటి గుర్రం ఉండేదట.

మార్చి 26

ఇవాళ గట్టిగా నవ్వాను. ఎందుకో గుర్తులేదు.

ఏప్రిల్ 8

లైల్ వచ్చాడు.

ఏప్రిల్ 9

మా అక్క చెప్పేసిందట. మారిపోయానని ఆమె దగ్గర ఏడ్చాడట. నమ్మింది.

నిన్నటినుంచీ కింద జూదశాలలో పాచికల బల్ల దగ్గరే ఉన్నాడు. హోటల్ వాళ్లు గది ఊరికే ఇచ్చారు, విస్కీ ఊరికే, స్టేక్ భోజనం ఊరికే. నా గది నంబర్ కూడా ఊరికే ఇచ్చారు. వచ్చి మెల్లగా తలుపు తట్టాడు. ఆ గొంతు నాకు తెలుసు, పెళ్లికి ముందు గొంతు. "కారు బయటే ఉంది హెస్టర్. అలా కాలిఫోర్నియా దాకా వెళ్లి రేపొద్దున వచ్చేద్దాం," అన్నాడు. చట్టం వాడికీ ఎవరో చెప్పారు. డ్రెస్సర్ తలుపుకి అడ్డంగా జరిపాను. కాసేపు తలుపు తన్ని, తిట్టి, మళ్లీ ఆటకి దిగిపోయాడు.

టాలివర్‌కి ఫోన్ చేశాను. మొగుడూ పెళ్లాల మధ్యకి మేం రామన్నాడు. మరి సాక్ష్యం? "రోజూ చూశానా మిమ్మల్ని? గుర్తు లేదే మేడమ్," అన్నాడు, ఎంతో మర్యాదగా.

అర్థమైంది. వాళ్లకి నేను ఒక గది అద్దె, అంతే. లైల్ అయితే తన తండ్రి మిల్లు మొత్తం ఆ బల్ల మీద పోస్తున్నాడు.

ఏప్రిల్ 12

వరండా చివర కార్పెట్ కూడా వెయ్యని గది ఒకటి ఉంది. ఆర్డెల్ నన్ను అందులోకి మార్చింది. దుప్పట్ల కింద దాచి రొట్టె తెస్తోంది. సాక్ష్యం తనే చెప్తానంది. నేను అడగలేదు. అడిగే మొహం నాకెక్కడిది?

"రోజూ మీ పక్క వేసింది నేనే కదా. దెయ్యం పడుకుంటే పక్కకి ముడతలు పడతాయా?"

నీ ఉద్యోగం పోతుందన్నాను. కోపం వచ్చింది. "నా ఉద్యోగం సంగతి మీరు చెప్తే తెలుసుకోవాలా?" అంది. తర్వాత నేలమీద కూలబడి దుప్పట్లు మడతపెట్టింది. లేస్తూ, "పక్కలు లేని హోటలుంటుందా ఎక్కడైనా," అంది. నాకు చెప్పినట్టు లేదు. తనకి తనే చెప్పుకున్నట్టుంది.

ఏప్రిల్ 15

ఆర్డెల్ సాక్ష్యం చెప్తుందని టాలివర్‌కి తెలిసిపోయింది. పనిలోంచి తీసేశారు. తాళాలు లాక్కున్నారు, వంటింటి వైపు తలుపు మూసేశారు. రేపు పొద్దునే కోర్టు. కోర్టు మెట్ల దగ్గర ఎదురుచూస్తుంటానని వంటవాడితో కబురు పంపింది.

ఇక మిగిలింది ముందు తలుపు. దానికి వెళ్లాలంటే బల్లల మధ్యనుంచే వెళ్లాలి. లైల్ అక్కడే ఉన్నాడు. కిటికీలోంచి దిగుదామనుకున్నాను. ఈ చెయ్యితో దుప్పటి పట్టుకుని వేలాడలేను.

దేవుడా, వాడు గెలుస్తూ ఉండాలి. లేకపోతే ఓడిపోతూ ఉండాలి. లేవకూడదు, అంతే.

ఏప్రిల్ 16

విడాకులిచ్చారు. ఆర్డెల్ జడ్జి మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పింది. ఈ రాత్రికి వాళ్లింట్లోనే ఉంటాను. రేపు పక్క హోటల్లో పని అడుగుతుందట.

పొద్దున దిగేసరికి లైల్ వీపు నావైపు ఉంది. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. వెనకనుంచి దాటుతుంటే తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపాడు. అరచేతిలో పాచికలు. కలిసిరావాలని పక్కనున్న ఆడవాళ్లచేత వాటిమీద ఊదించుకుంటారిక్కడ.

"ఊదు, బంగారం," అన్నాడు, ఎవరో ఒక ఆడదనుకుని.

ఊదాను. ఏం పడ్డాయో చూడలేదు.