గాలి కొనుక్కున్న ఇల్లు

గ్లెనోర్కీ,
మే నెల, ఆదివారం

ప్రియమైన నాన్నకి,

ఈ చలికాలానికి నువ్వు తెచ్చిన కట్టెలు బాగున్నాయని ఆ రోజే చెప్పాను, నీకు వినబడలేదు. నలభై ఏళ్లు రంపం చెవి పక్కన మోగించుకున్నవాడితో మాట్లాడటమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదటమే. అందుకే ఉత్తరం. నువ్వూ నీ అల్లుడు డార్సీ కలిసి ఇంటికింద, చెక్కల నేలకీ మట్టికీ మధ్య ఖాళీలో, అంత ఒద్దికగా పేర్చారు, పక్కింటి ఆవిడ వంగి చూసి మరీ కుళ్లుకుంది. మొగుడంటే ఇలా ఉండాలి అని వాళ్లాయన్ని ఒకటే సాధిస్తోందట. అది మొగుడి పని కాదు, మా నాన్న పని అని చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు.

నిన్న పెళ్లినాటి బూట్ల కోసం అలమార తెరిచి కెవ్వున అరిచాను. బూట్లకి బొచ్చు మొలిచింది నాన్నా! ఆకుపచ్చ బొచ్చు. చేత్తో తాకితే పొడి లేచింది. డార్సీ కోటు భుజాల మీద తెల్ల మచ్చలు. అనుమానం వచ్చి ఆల్బీ తొట్టిమంచం ముందుకి లాగాను. దాని వెనక గోడ నల్లగా, తారు పూసినట్టుంది. వారం కిందటే ఆ గోడ తుడిచాను. పది నెలల పసివాడు రోజూ దానికి ముఖం ఆనించి పడుకుంటున్నాడు. కొన్నాళ్లుగా వాడికి దగ్గు, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. జలుబులే అనుకుంటూ వచ్చాను.

గాలిని శుభ్రం చేసే యంత్రం, ఎయిర్ ప్యూరిఫైయర్, కొందామని బజారుకి వెళ్లాం. అక్కడ ఇంకో తలనొప్పి. ఒకటి సువాసన వదులుతుంది. ఒకదానిలో దట్టమైన జల్లెడ లాంటిది ఉంటుంది, గాలి అందులోంచి పోతుంది, కొన్ని నెలలకోసారి ఆ జల్లెడ మార్చాలి. ఇంకోటి ఓజోన్ అనే గాలి వదిలి బూజుని మాడ్చేస్తుందట. "ఇది పెట్టుకుంటే మళ్లీ మీ గోడ వైపు చూడక్కర్లేదమ్మా" అన్నాడు కొట్టువాడు. డార్సీకి అదే నచ్చింది. మాడ్చేయడమంటే మగాళ్లకి ఎందుకో అంత ఇష్టం. నేనింకా తేల్చుకోలేదు.

ఆల్బీ నీ టోపీ కోసం వెతుక్కుంటున్నాడు.

ప్రేమతో,
నీ బ్రొన్విన్


గీవ్‌స్టన్, కొండ పైనించి

నా బంగారు బ్రొన్నీకి,

గాలి కొనుక్కుంటారటే! మీ తాత ఇది వినుంటే నవ్వలేక చచ్చేవాడు. రేపు వానని కూడా సీసాల్లో పోసి అమ్ముతారు, మీ ఆయన మొదటి వరసలో నిలబడతాడు.

చెప్పేది విను. ఇల్లు చల్లబడితే బూజు పడుతుంది. పొయ్యి ఆరనివ్వకు. దీనికి మంటే మందు. అంతకి మించిన యంత్రం ఇంకా పుట్టలేదు. వచ్చే వారం ఇంకో లోడు తెస్తున్నాను. మొన్న గాలికి వాగు పక్కన పెద్ద చెట్టు కూలింది. పచ్చిదే, కోస్తుంటే రసం కారుతోంది, అయినా ఇంటికింద పేరిస్తే వసంతానికి ఎండి గలగలలాడుతుంది. బయట పెట్టావంటే మీ ఊరి దొంగలు తెల్లారేసరికి ఊడ్చుకుపోతారు. మా నాన్న ఇంటికిందే పెట్టాడు, నేనూ ఇంటికిందే పెట్టాను. మాకెవరికీ బూట్లకి బొచ్చు మొలవలేదు.

ఆల్బీ దగ్గు గురించి చదివితే నోరీన్ గుర్తొచ్చింది. మీ అమ్మకీ ఇలాగే పిల్లికూతలు. ఆవిడ ఊపిరితిత్తులు పాడైంది ఇంట్లో కాదు, ఆ వెర్న్ టాట్నెల్ ఆపిల్ తోటలో. చెట్లకి వాడు మందు కొడుతుంటే పక్కనే కాయలు ఏరేది. ఈ రోడ్డు మీద ఎదురుపడిన ప్రతివాడికీ స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరిస్తాం, నీకు తెలుసుగా. అమ్మ పోయినప్పటినించీ వెర్న్‌గాడికి నా వేలు లేవలేదు. నేను బతికుండగా లేవదు.

ఆవిడ కుర్చీ పొయ్యి పక్కన అలాగే ఉంది. రోజూ దులుపుతున్నాను.

పొయ్యి ఆర్పకు.

నీ చెవిటి నాన్న,
మెర్వ్


హోబార్ట్, ఆసుపత్రి
జూన్

ప్రియమైన నాన్నా,

ముందే చెప్తున్నాను, ఆల్బీ బాగున్నాడు. ఇక్కడ నా పక్కనే పడుకుని ఉన్నాడు. ఇప్పుడు మిగతాది చదువు.

నువ్వు రెండో లోడు దించి వెళ్లాక గోడ ఇంకా నల్లబడింది. ఒక కుర్చీ కాలికి పుట్టగొడుగు మొలిచింది. నిజంగా పుట్టగొడుగే, గొడుగుతో సహా! నాకు భయం పుట్టి, డార్సీ మాట విని, ఆ ఓజోన్ యంత్రమే తెచ్చాను. దాన్ని మనుషులు లేని గదిలోనే నడపాలని పెట్టె అడుగున సన్నటి అక్షరాల్లో రాసుంది. చూడలేదు. బిడ్డ తొట్టిమంచం పక్కనే పెట్టి, మధ్యాహ్నం వాణ్ణి పడుకోబెట్టి, బట్టలు ఆరేయడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి గదంతా పిడుగు పడ్డాక వచ్చే వాసన. ఆల్బీ ఏడవటం లేదు. ఏడవటానికి ఊపిరి చాలడం లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. నేను అరిచానో లేదో నాకు తెలీదు. పక్కింటావిడే అంబులెన్సుకి ఫోన్ చేసింది. బూజుతో చస్తుంటే గోరుచుట్టు మీద రోకటి పోటు, అది కూడా నా చేత్తోనే.

ఇక్కడ ఒక నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి, తిట్టకుండా చెప్పింది. వాసనలూ ఓజోనూ వద్దు, జల్లెడ ఉన్నదే తెచ్చుకో, గదికి సరిపడే సైజు చూసుకో అంది. "కానీ అది గాలిలో తేలేదాన్నే పడుతుంది తల్లీ. పుట్టే చోటు వేరే ఉంటుంది. అది వెతుక్కో" అంది. డార్సీ వెంటనే వెళ్లి అలాంటిది తెచ్చి ఇంట్లో పెట్టాడు. దానికో చిన్న దీపం ఉంది. గాలి బాగుంటే నీలం, లేకపోతే ఎరుపు. వంటగదిలో నీలం. హాల్లో నీలం. తొట్టిమంచం మూలకి తీసుకెళ్తే ఎర్రగా వెలుగుతోందట.

ఆ మూల సంగతేమిటో చూస్తాను. ఇలా ఇంకోసారి జరిగితే వాడు తట్టుకోలేడన్నాడు డాక్టరు.

నీ బ్రొన్విన్


గ్లెనోర్కీ,
జూలై

ప్రియమైన నాన్నకి,

ఆల్బీ ఇంటికొచ్చాడు. పిల్లికూతలు తగ్గుతున్నాయి. రాత్రంతా పడుకుంటున్నాడు.

నాన్నా, ఇక కట్టెలు తేవద్దు. కరెంటు హీటరు పెట్టించుకున్నాం. చిన్నపిల్లాడున్న ఇంట్లో పొయ్యి అంటే భయం కదా, అందుకే. ఇంటికింద ఉన్నవి డార్సీ స్నేహితుడు ఒకాయన పట్టుకుపోయాడు. కింద శుభ్రంగా ఊడ్పించి, గాలి ఆడటానికి గోడకి కంతలు పెట్టించాం. అంతకంటే విశేషం లేదు.

నీకో యంత్రం పంపిస్తున్నాను, మేం వాడుతున్న రకమే. వద్దనకు. అమ్మ కుర్చీ పక్కన పెట్టుకో. నీ కట్టెలు కూడా ఈసారి బయట పెట్టుకుంటే బాగుంటుందేమో. డార్సీ వచ్చి చిన్న పాక వేస్తానంటున్నాడు. నీకు వంగే శ్రమ తప్పుతుందని, అంతే.

ప్రేమతో,
బ్రొన్విన్


గీవ్‌స్టన్

బ్రొన్విన్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా కళ్లు కూడా పోయాయేమోనని.

నా కట్టెలు ఎవడో ముక్కూమొహం తెలీనివాడికి ఇచ్చేశావా? నడుం పట్టేసినా, వానలో నిలబడి కోశాను. అవి మనవడి కోసం కోశాను, డార్సీ స్నేహితుడి కోసం కాదు. వద్దనుకుంటే ముందే చెప్పాలి. అమ్మిన సామాను కాదే అది, తండ్రి తెచ్చింది.

పట్నం నీళ్లు బాగా ఒంటబట్టాయి. కరెంటు హీటరట, పాకట. నాకు వంగే శ్రమ తప్పిస్తారట! నేను పుట్టినప్పటినించీ వంగుతూనే ఉన్నాను. నా ఇంటికింద ఏం పెట్టుకోవాలో నాకు అల్లుడు నేర్పక్కర్లేదు.

నీ పెట్టె వచ్చింది. విప్పలేదు. టోపీ పెట్టుకోడానికి పనికొస్తోంది.

మెర్వ్


గీవ్‌స్టన్,
ఆగస్టు

నా తల్లీ, నా బ్రొన్నీ,

పోయిన ఉత్తరం దొరికితే పొయ్యిలో పారేయి. నీకిప్పుడు పొయ్యి లేదు కదూ. చింపేయి.

పెట్టె విప్పాను. ప్రేమతో కాదు, అది మోసమని రుజువు చేసి నీ మొహాన కొడదామని. వంటింట్లో పెట్టాను, నీలం. పడకగదిలో పెట్టాను, నీలం. చూశావా, మా ఇంటి గాలికేం తక్కువ అని నవ్వుకున్నాను. తర్వాత నోరీన్ కుర్చీ పక్కన పెట్టాను. నెత్తురు చుక్కలా ఎర్రబడింది.

పొయ్యి పొగేలే అనుకున్నాను. పొయ్యి ఆర్పేసి, కోటు తొడుక్కుని, బూడిద చల్లారేదాకా కూర్చున్నాను. మా ఇంట్లో చలికాలంలో పొయ్యి ఆరడం అదే మొదటిసారి. అయినా ఎరుపే. కుర్చీ పక్కకి జరిపి తివాచీ ఎత్తాను. నేల చెక్కపలక మెత్తగా ఉంది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది, బ్రొన్నీ. కేకులోకి దిగినట్టు.

టార్చి తీసుకుని కిందికి దూరాను. ఎన్నేళ్లుగా అక్కడికి దూరుతున్నాను, కట్టెలు తోయడానికి, తీయడానికి! తల ఎత్తి ఒక్కసారి చూడలేదు. పచ్చి మొద్దులు పలకలకి తగిలేదాకా పేర్చి ఉన్నాయి. వాటి ఊపిరంతా పైకే పోతోంది. దూలాల మీద నీళ్లు బొట్లు కట్టాయి. పలకలు అడుగునంతా నల్లగా, తెల్లదారాలు వేలాడుతూ. అక్కడే బురదలో చతికిలపడ్డాను.

కట్టెలు ఎండుతున్నాయి ఎండుతున్నాయి అని జబ్బలు చరుచుకున్నాను. అందులోని నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఒక్కనాడైనా అడిగానా? మా నాన్న అడిగాడా? ఇంటి దొంగని దేవుడైనా పట్టలేడంటారు. బయట దొంగలు ఎత్తుకుపోతారని ఇంట్లో దాచాను.

ఆ కుర్చీ అక్కడ పెట్టింది నేనే. ఇల్లంతటిలో వెచ్చటి చోటు అదే. మీ అమ్మ దగ్గు ఎక్కువైన కొద్దీ ఇంకా కోసుకొచ్చాను. ఆవిడకి చలి తగలకూడదని ఆ మూల కింద ఎన్నడూ ఖాళీ ఉంచలేదు. "మెర్వ్, కాస్త కిటికీ తియ్యవా" అనేది. చలేస్తుంది వద్దని మూసేవాణ్ణి. అందుకే పోయిందని ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పలేడు. అందుకు కాదని కూడా ఎవడూ నాకు చెప్పలేడు.

ఇదంతా నువ్వు నా కంటే ముందే చూశావు. ఆల్బీ మూలన తివాచీ ఎత్తావు, కింద నా కట్టెలు చూశావు. అందుకే ఇచ్చేశావు, అందుకే కంతలు. ఆ సంగతి నాతో అంటే నాకు అమ్మ కుర్చీ గుర్తొస్తుందని నోరు కుట్టేసుకున్నావు. హీటరనీ పాకనీ అబద్ధాలు అల్లావు. అబద్ధం చెప్పడం నీకూ రాదు, మీ అమ్మకీ రాలేదు. నేనేమో నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. నీ కడుపున పుట్టినవాణ్ణి చంపబోయి, పైగా నిన్నే తిట్టాను.

నిన్న రోడ్డు మీద వెర్న్ టాట్నెల్ ఎదురొచ్చాడు. నా వేలు లేచింది. వాడు బ్రేకు వేసి, దిగి, నాకేమైందోనని వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. చెప్పాను. సాయంత్రం ముసలాడు గొడ్డలీ తోపుడుబండీ పట్టుకొచ్చాడు. ఇద్దరం కలిసి కట్టెలన్నీ బయటికి లాగాం. డార్సీకి చెప్పు, పాక వేయమని. కుర్చీ కిటికీ దగ్గరికి మార్చాను. కిటికీ తెరిచే ఉంచుతున్నాను.

ఆదివారం వస్తున్నాను. పెళ్లికైనా, చావుకైనా, పురిటికైనా నేను కట్టెలు లేకుండా ఒకరి గడప తొక్కలేదు, నీకు తెలుసు. ఈసారి ట్రక్కు వెనక ఏమీ ఉండదు, చూసి కంగారు పడకు. ఏం పట్టుకురావాలో ఎంత ఆలోచించినా తట్టలేదు. చేతులు ఖాళీగా ఉంటే వాణ్ణి ఎత్తుకోవడానికి వీలుగా ఉంటుంది. నువ్వు ఇస్తేనే ఎత్తుకుంటాను.

నాన్న