నాన్న పారేసిన దుబ్బు

అమ్మా, నేను కులాసా. జ్వరం తగ్గింది, బెంగపడకు.

పెద్ద డాక్టరమ్మ ముచ్చటపడి చలిదేశం నుంచి తెప్పించి ఆసుపత్రి ముందు వేయించిన నీలం గడ్డి ఈ ఉక్కపోతకు నెల తిరక్కుండానే కుళ్ళిపోయింది. "తోటమాలివి నువ్వుండి ఏం లాభమయ్యా?" అందావిడ. నాన్న కలుపని కొడవలితో పెకలించి గోడవతల పారేస్తే నేను గోనెలో చుట్టి తెచ్చుకున్న రెల్లుదుబ్బు గుర్తుందా? దాన్నే చీల్చి, గాలాడేలా బారెడు ఎడంతో నాటాను. ఇప్పుడు ఎటు చూసినా తెల్లటి కుచ్చులే! వార్డులో మంచం దిగనని మొండికేసిన ఓ తాతగారు కూడా కర్ర పట్టుకొచ్చి తడిమి చూశారు.

డాక్టరమ్మకు వెనక వాకిట్లోకీ కావాలట. పెరట్లో ఇంకో దుబ్బు మిగిలుంటే వేళ్ళు తడిపి బావతో పంపు. చెల్లి పరీక్ష ఎలా రాసింది?

నాన్నకు చెప్పు, ఆయన పారేసిన గడ్డికి ఇక్కడ "ముట్టుకోరాదు" అని బోర్డు పెట్టారు. ఆయనకూ, ఆయన కొడవలికీ నా దణ్ణాలు.

నీ పెద్దాడు