తాతయ్య పాపుక్, రష్యా ఇరుసు

ఏప్రిల్ 3, ఆదివారం

తుక్కు కాదు అది. నిన్న నాన్న ఆ మాట గావ్రిల పెదనాన్న ముందు అన్నాడు, అదీ నా నోట్లో మొక్కజొన్న సంకటి ఉండగా. అందుకే జవాబు చెప్పలేకపోయా. ఇక్కడ చెప్తున్నా. తాతయ్య డాచియా పికప్ తుక్కు కాదు.

ముందు సగం కారు, వెనక సగం ట్రాలీ. మడమ లేని ఇంటి చెప్పులా ఉంటుందని ఊళ్ళో అందరూ పాపుక్, అంటే చెప్పు, అంటారు. అననీ.

కొండెక్కలేని బండి గొర్రెలోళ్ళకెందుకు అంటాడు నాన్న. ఎందుకెక్కదు, ఎక్కుతుంది. వెనక్కి. ఇంజన్ తిప్పేది ముందు చక్రాల్నే. ట్రాలీలో బరువేసి ఎత్తు ఎక్కిస్తే ముందు భాగం తేలిపోతుంది, చక్రాలు ఉత్తినే తిరుగుతాయి. అందుకని తాతయ్య కొండ కింద బండి తిప్పి, మెడ వెనక్కి పెట్టి, పైదాకా రివర్స్‌లోనే పోయేవాడు. ఊరంతా నవ్వేది. ఆయన టోపీ ఎత్తి మరీ పోయేవాడు.

నేను వెనక చక్రాలకి కూడా పవర్ ఇస్తా. నాలుగూ తిరిగితే మూతి ముందుకే పెట్టి ఎక్కుతుంది.

మే 8న పాల కొలత. గొర్రెలున్న ప్రతి ఇల్లూ కొండ మీద మంద దగ్గరికెళ్ళి, ఎవరి గొర్రెల్ని వాళ్ళు పిండి కొలిపిస్తారు. ఆ కొలతని బట్టే ఎండాకాలమంతా ఎవరికెంత చీజ్ అనేది. ఉప్పు పైకి, చీజ్ కిందకి ఎవరు మోయాలో కూడా ఆ రోజే ఖాయం. మందకి పెద్ద పెదనాన్నే. ఆ మోత పని పక్కూరి జపాన్ జీపువాడికి ఇచ్చేద్దామనుకుంటున్నాడు. నాన్నేమో తొమ్మిదో తారీఖున రమ్మని తుక్కువాడికి చెప్పేశాడు.

సంకటి మింగాక ఒకటే అన్నా. ఎనిమిదిన పాపుక్ పైకి చేరకపోతే తుక్కువాడికి తాళం నా చేత్తో ఇస్తా, చేరితే మోత పని నాది. పెదనాన్న సరే అన్నాడు. నాన్న నవ్వాడు.

ఏప్రిల్ 9

రష్యా జీపు వెనక ఇరుసు దొరికింది. ఒకడి షెడ్డులో దాని మీద కోళ్ళు పడుకుంటున్నాయి. నా మోటార్‌సైకిల్ ఇచ్చి తెచ్చుకున్నా. అమ్మ ఏడ్చింది. కోళ్ళు కూడా గొడవ చేశాయి.

ఏప్రిల్ 15

ఇరుసుకి డిఫరెన్షియల్, అదే షాఫ్ట్ వచ్చి కలిసే గేర్ల డబ్బా, మధ్యలో లేదు, కుడి పక్కకి ఉంది. సరిగ్గా అక్కడే పెట్రోల్ ట్యాంకు. రెండ్రోజులు బుర్ర గోక్కున్నా. ఇవాళ ఇరుసు మొత్తం తలకిందులుగా తిప్పి పెట్టా. డిఫరెన్షియల్ ఎడమకి వచ్చేసింది. అంతే. స్కూల్ మానేసింది నేను, నా బుర్ర కాదు.

ఏప్రిల్ 22, గుడ్ ఫ్రైడే

వెల్డింగ్ చేశా. అందరూ గుడికి వెళ్తూ మా గేటు దగ్గర ఆగి శిలువ గుర్తు వేసుకున్నారు. ఈ రోజు మేకు కొట్టకూడదని నాన్న అరిచాడు. కొట్టలేదు. వెల్డింగ్ గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

ఏప్రిల్ 30

రాయాలని లేదు. రాస్తా.

గేర్‌బాక్స్ వెనక నుంచి షాఫ్ట్ తీసి ఇరుసుకి కలిపా. వెనక చక్రాలు కలపడానికి సీటు పక్కన ఒక లివర్. సగం వీధి చూడ్డానికొచ్చింది. ఫస్ట్ గేర్ వేశా, లివర్‌ని పైకి లాగా, క్లచ్ వదిలా. పాపుక్ కదల్లేదు. ముందు చక్రాలు ముందుకి తవ్వుతున్నాయి, వెనక చక్రాలు వెనక్కి తవ్వుతున్నాయి. మధ్యలో బండి జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. నేను దాంతో పాటు.

పెదనాన్న కూతురు సవేతక్క బండి కిటికీ దగ్గరికొచ్చి, ఒరే సెవెర్, నాలుగు చక్రాలకీ ముందు రాజీ కుదర్చరా అంది.

ఇరుసు తలకిందులు చేస్తే చక్రాలు తిరిగే దిక్కు కూడా తలకిందులవుతుంది. కిందకి ఉండాల్సిన ఆయిల్ దించే బిరడా పైకి చూస్తోంది రెండు వారాల నుంచి. రోజూ చూశా. చూసి, ఈ రష్యా వాళ్ళకి బుద్ధి లేదనుకున్నా.

నాన్న కట్టెల మొద్దు మీద కూలబడి నవ్వాడు. తాతయ్య పోయాక ఆయన అలా నవ్వడం ఇదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుని అన్నాడు: "మీ తాత బండి మొత్తం వెనక్కి పోయేది. నువ్వు సగం బాగు చేశావు."

మే 1

నాతో ఎవరూ మాట్లాడొద్దు.

మే 5

ఇరుసు మళ్ళీ సరిగ్గా తిప్పా. అడ్డమొచ్చిన ట్యాంకు పీకేశా. ట్రాలీలో పెట్రోల్ డబ్బా పెట్టి, బెల్టులతో కట్టి, పైపు వేశా. ఈసారి నాలుగూ ఒకే వైపు. పెరట్లో బురద మోకాలి లోతు, పాపుక్ బర్రెలా దాటింది. వంటింటి పరదా కదిలింది. ఎవరో నాకు తెలుసు, అమ్మ కాదు.

షాఫ్ట్ ఏటవాలుగా ఉంది. కొంచెం కీచుమంటోంది. కీచుమననీ.

మే 8, సాయంత్రం

ఒళ్ళంతా బురద. ముందు రాసేసి తర్వాత కడుక్కుంటా.

పొద్దున్నుంచీ వాన. నాన్న ఎక్కనన్నాడు. అమ్మతో, బకెట్లతో నడిచే బయల్దేరాడు. సవేతక్క ఉప్పు బస్తాల పక్కన ఎక్కింది. మూతి ముందుకే పెట్టి ఎక్కించా. చెట్ల మధ్య జపాన్ జీపువాణ్ని దాటా. నాన్నని దాటా. హారన్ కొట్టా. రెండుసార్లు కొట్టా.

ఆఖరి ఎత్తు దగ్గర ఖంగుమంది. షాఫ్ట్ జాయింట్ విరిగింది. ముందు చక్రాలు ఉత్తినే బురద చిమ్ముతున్నాయి. పైనుంచి అందరూ చూస్తున్నారు. వెనకనుంచి నడిచొచ్చే వాళ్ళు కూడా చేరుకున్నారు, నాన్నతో సహా. జీపువాడు తాడు తీశాడు. వద్దన్నా. బండి కింద దూరి షాఫ్ట్ విప్పి ట్రాలీలో పడేశా.

తర్వాత బండి తిప్పా. మెడ వెనక్కి పెట్టి రివర్స్ వేశా.

ఎక్కింది. నెల రోజులు చచ్చి ఫోర్ వీల్ డ్రైవ్ చేసి, రివర్స్‌లో ఎక్కా. నవ్వుకోండి. నాకు టోపీ లేదు, అందుకని చెయ్యెత్తా. ముసలోళ్ళు కొందరు టోపీలు తీశారు, నాకు కాదని తెలుసు.

ఇది నాలుగు చక్రాల పందెం కదా, చెల్లదన్నాడు జీపువాడు. పెదనాన్న పాల తొట్టి మీంచి తల కూడా ఎత్తలేదు.

"పైకి చేరాలన్నాం. ఎటు చూస్తూ చేరాలో అనలేదు. బస్తాలు దించు సెవెర్."

దిగేటప్పుడు నాన్న పాపుక్ ఎక్కాడు. విరిగిన జాయింట్ ఒళ్ళో పెట్టుకుని జేబురుమాలుతో తుడుస్తూనే ఉన్నాడు. ఊరొచ్చేదాకా ఒకటే అడిగాడు, షాఫ్ట్ అంత వంకరగా ఎవడు పెట్టమన్నాడని. నేనే అన్నా.

మే 9

తుక్కువాడి లారీ గేటు బయట హారన్ కొడుతోంది. నాన్న పాపుక్ కింద ఉన్నాడు. బయటికి కనపడేది రెండు కాళ్ళే, ఇంటి చెప్పులతో. లారీవాడికి పలకడం లేదు. పద్నాలుగో నంబరు స్పానర్ అడుగుతున్నాడు. వెళ్ళాలి.