నాన్న కోటు వేలాడే ఎర స్థలం రద్దు గురించి

వన్యప్రాణి అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: లూన్ సరస్సు ఉత్తరపు గట్టున, మరణించిన లూషియన్ డిజార్లే పేరిట అనుమతి ఉన్న, ఎలుగుబంట్లను మేతతో రప్పించి వేటాడే ఎర స్థలాన్ని వసంతపు వేట మొదలయ్యే శనివారం లోపు రద్దు చేయుట గురించి.

సదరు లూషియన్ గారి కుమార్తెను, పన్నెండో తరగతి విద్యార్థినిని అయిన రోజలీ అను నేను మనవి చేయునది ఏమనగా:

1. మా నాన్నగారు చలికాలం మొదట్లో పలచని మంచు విరిగి ఆ సరస్సులోనే మునిగిపోయారు. దేహం దొరికింది, ఖననం జరిగింది. ఆ రోజు ఆయన పని కోటు ఇంట్లోనే వదిలి వెళ్ళారు.

2. మంచు కరగగానే మా అన్న ఎటియెన్ అక్కడి చెట్టుకు ఇనుప డ్రమ్మును గొలుసుతో బిగించి, ఎరగా బెల్లం పాకంలో నానిన ఓట్స్ నింపాడు. ఎలుగులు మనిషి వాసనకు అలవాటు పడాలని, ఎర వేసేవారు తాము తొడిగి విడిచిన బట్టను అక్కడ వేలాడదీయడం మా వైపు ఆనవాయితీ. అన్న తన చొక్కాకు బదులు నాన్న కోటు కట్టాడు. ఎందుకని అడిగితే, "నా వాసన వాటికేం తెలుసే? వాటికి తెలిసిందల్లా నాన్నే," అన్నాడు.

3. ఒక ఆడ ఎలుగు వస్తోంది. తిన్నాక వెళ్ళిపోకుండా కోటు కిందే పడుకుంటోంది. ఏ జంతువులు వస్తున్నాయో తెలియాలని అన్న అక్కడి చెట్టుకు బిగించిన కెమెరా తీసిన ఫొటోలో, గాలికి కోటు చెయ్యి లేచి దాని మెడ మీద ఆనింది. ఎంత నిదానించి చూసినా, నాన్న నిలబడి దాన్ని నిమురుతున్నట్టే ఉంది.

4. ఆ ఫొటో అమ్మ చూసింది. "ఎంత చిక్కిపోయాడో చూడవే," అంది. అప్పటినుంచి, డ్రమ్ము నింపడానికి అన్న తీసుకెళ్ళే ఎర బకెట్లో రొట్టె గుడ్డలో చుట్టి పెడుతోంది. అన్న తిరిగి రాగానే "తిన్నాడా?" అని అడుగుతుంది. అన్న మొదట్లో "అది ఎలుగే అమ్మా," అనేవాడు. ఇప్పుడు "తిన్నాడు," అంటున్నాడు.

5. శనివారం బయటి ఊరి వేటగాణ్ణొకణ్ణి అన్న అక్కడి మంచె ఎక్కించబోతున్నాడు. వద్దన్నాను. "మాటిచ్చేశాను. నాన్న ఎన్నడైనా మాట తప్పాడా?" అన్నాడు. వేట మీద నాకు అభ్యంతరం లేదు, ఆ మాంసం తినే పెరిగాను. కానీ ఈ ఎలుగు వచ్చేది నాన్నను నమ్మి. అక్కడ తుపాకీ పేలితే, అమ్మకు చచ్చేది ఎలుగు కాదు. ఆమె రెండోసారి తట్టుకోలేదు.

6. రద్దుకు అనుమతిదారు స్వయంగా రావాలని తమ గుమస్తా గారు సెలవిచ్చారు. "ఆయన చనిపోయారండీ," అన్నాను. "మరి ఆ స్థలం ఎవరు చూస్తున్నారమ్మా?" అని అడిగారు. ఇంటికి వచ్చి ఈ అర్జీ రాస్తున్నాను.

కావున ఆ స్థలాన్ని తక్షణం మూయించి, మా ఇంట రెండో చావు జరగకుండా కాపాడవలసిందిగా ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రోజలీ డిజార్లే

తా.క.: నా పోరు పడలేక అన్న నిన్న కోటు విప్పి తెచ్చి, మా వాకిలి పక్క కొక్కేనికి తగిలించాడు. పొద్దున్న మా మెట్ల మీద బురద పంజాల గుర్తులున్నాయి. అయ్యా, ఇక స్థలం మూసినంత మాత్రాన సరిపోదు, శనివారం దాకా ఆగకుండా రండి. అమ్మ మెట్టు మీద రొట్టె పెట్టింది. తలుపు గడియ వేయనివ్వడం లేదు.