అంబాసిడర్ కింద నిమ్మకాయలు

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. దవాఖానలో పడుకుని కూడా "ఇంటికి పోంగనే అంబాసిడర్‌కు డిస్క్ బ్రేకులు ఏపిద్దాం, వానల గూడ జారది" అన్నావు కదా, వేయించాను. వెడల్పు చక్రాలు కూడా.

చందానగర్ షెడ్డు ముందు మీ అన్న నా చేతిలోని నిమ్మకాయలు తీసుకోబోయాడు. "నువ్వు ముట్టొద్దు సుజాతా, శకునం మంచిగుండది. మా ఇంటామె పెడ్తది."

ఆయన ముందు ఏనాడూ నోరు విప్పని నేను, "నా బండి బావా. నేనే పెడ్త, నేనే నడుపుత. జర జరుగుండ్రి," అన్నాను.

నాలుగు చక్రాల కిందా పెట్టి గేరు వేశాను. ఈ వెడల్పుకు ఒక్క కాయా తప్పించుకోలేదు. పెద్దరోడ్డు ఎక్కేసరికి వాన మొదలైంది, ఆ వానలోనే బ్రేకు తొక్కి చూశాను. నువ్వు చెప్పినట్టే, జారకుండా ఆగింది. మళ్లీ గేరు వేశాను.

నీ సుజాత