ఫోర్‌మన్ సంతకం

మల్లన్నా,

ఈ దోహా జైల్లో నువ్వు కన్నుమూసి నేటికి ఏడాది. నీ మంచం ఇప్పుడు ఎవడిదో తెలుసా? ప్రపంచకప్ స్టేడియంలో కేబుల్ కాజేసింది నువ్వేనని అబద్ధపు సాక్ష్యం చెప్పిన మన ఫోర్‌మన్‌ది. వాడూ దొంగతనంలోనే దొరికాడు.

మిగిలిన శిక్ష మన దేశపు జైల్లో అనుభవించడానికి ఒప్పుకుంటావా అని అడిగే కాగితం కోసం నువ్వు చొక్కా ఉతికి, మడిచిపెట్టుకుని ఎదురుచూశావు. ఆ కాగితం ఇవాళ వాడికొచ్చింది. ఇంగ్లీషు రాదు కాబట్టి నా దగ్గరికి తెచ్చాడు.

"జర నింపు తమ్మీ. అక్కడి జైలుకైతే మా అవ్వ ఒచ్చి సూస్తది."

నింపాను. సంతకం పెట్టి, నా చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"నీ రుణం ఎట్ల తీర్సుకుంటనో!"

"తీరింది తియ్యన్నా" అన్నాను.

నేను టిక్కు పెట్టింది 'ఒప్పుకోను' అన్న గడిలో.