చాయపత్తి పెట్టె చాసీ

బాపూ,

కోదాడ బస్సుకు పోతున్న. అక్కడి రేడియో మెకానిక్ పాత ట్రాన్సిస్టర్ ఏరియల్ ఒకటి తీసిపెట్టిండట, తీసుకొని మాపటికల్లా వస్త. అప్పటిదాక నా బల్ల మీది కారును ముట్టకు, కింది చట్రానికి, అదే చాసీకి, బంక ఆరుతున్నది. ఆరిందా లేదా అని వేలు పెట్టి సూడకు. నీ సంగతి నాకెరుకే.

చాసీకని నువ్వు మిల్లుల కోయించి ఇచ్చిన ఇనుప రేకు విప్పేసిన. కోపం చెయ్యకు. నిన్న వాకిట్ల నువ్వే సూసినవ్ కద, మోటరు మూలిగింది గని బండి జానెడు కదల్లే. కాంట మీద పెడితే రేకు ఒక్కటే కిలోంబావు తూగింది. మూడు సెల్లులు గంత బరువు ఎట్ల గుంజుతయి? అమ్మ సిల్వర్ పళ్లెం కూడ సూసిన, వేలితోని ఒత్తితేనే వంగుతున్నది. అందుకే చాయపత్తి పెట్టె చెక్క కోసి చాసీ చేసిన. తేలిక, గట్టి.

"చెక్క మీద కారేంది బిడ్డా, ఎడ్లబండా?" అంటవ్. ఎల్లుండి పాలిటెక్నిక్ ఎగ్జిబిషన్ల మా క్లాసు మొగపిల్లలు ఇంకా ఎక్కువనే అంటరు. అననియ్యి. నేను ఇటు మీట నొక్కితే తీగ లేకుండ అది అటు ఉరకాలె. ఉరికిస్త.

పొయ్యి మీద పప్పు ఉన్నది, వేడి చేసుకొని తిను.

సులోచన

నీ ఇనుము పారెయ్యలే. ఒక పట్టీ కోసి ముందట బంపర్ పెట్టిన. గోడకు గుద్దినా ఆ దెబ్బ నీ ఇనుమే కాస్తది.